దక్షిణానికి జరిపిన గీత

రేణిగుంటలో దిగేసరికి వాన. తుపాను తీరం దాటిపోయినా దాని తోక ఇంకా మా చిత్తూరు జిల్లా మీదే ఉంది. రన్‌వే చివర కంపచెట్ల పక్కన మాకు మూడు డేరాలు వేశారు. ఒకదాంట్లో ఆఫీసర్లు. ఒకదాంట్లో మేము. మూడోదాంట్లో మ్యాపు బల్ల, రేడియో, కిరసనాయిలు పొయ్యి. ఉదయం ఏడుకు దిగాం. ఎనిమిదికల్లా బూట్లలో నీళ్లు. సాయంత్రానికి సంచిలో అడుగున పెట్టుకున్న ఒక జత తప్ప పొడిబట్ట లేదు. మర్నాటికి అదీ తడిసింది.

తొంభైలు ముగిసి రెండువేలు మొదలైన రోజుల సంగతి ఇది. ఐరాలలో టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్లు నన్ను ఇప్పటికీ యుద్ధం గురించి అడుగుతారు. మంచు గురించి, సరిహద్దు గురించి అడుగుతారు. నేను చావుకు దగ్గరగా వెళ్లింది ఒక్కసారే, అది పుత్తూరుకు ఇవతల అని చెబితే వాళ్ల ముఖాలు వాడిపోతాయి. బస్సులో పోయే చోట చావేమిటి అంటారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. వాళ్లకు కావలసిన చావు చాలా దూరంలో, చాలా గొప్పగా జరగాలి. మా చావు అలాంటిది కాదు. మా చావును మేమే, ఇంటి దగ్గర, చేజేతులా పెన్సిలుతో గీసుకున్నాం.

ముందు మమ్మల్ని అక్కడికి ఎందుకు పంపారో చెప్పాలి. తుపానుకు సత్యవేడు, నాగలాపురం పక్క చెరువులు తెగాయి. ఊళ్లలో వాంతులు, విరేచనాలు, పాముకాట్లు. బెంగళూరు నుంచి మందులు రావాలి. చిత్తూరుకు ఇవతల రోడ్డు రెండుచోట్ల కోసుకుపోయింది. కాబట్టి ఒక చిన్న విమానం రోజూ బెంగళూరు పోయి మందుల పెట్టెలు వేసుకుని రేణిగుంటలో దింపాలి. అక్కడి నుంచి లారీలు. పని ఇంతే. దీనికి ఎవరిని పంపాలన్నది హెడ్‌క్వార్టర్స్‌లో ఒక పెద్దాయన తేల్చాడు. ఈ జిల్లావాళ్లనే ఏరి పంపమన్నాడట. వాళ్లకైతే కొండలన్నీ తెలిసి ఉంటాయట. ఇక్కడ పుట్టినవాడికి ఇక్కడి కొండ ఆకాశం నుంచి ఎలా కనిపిస్తుందో తెలుస్తుందని ఆయన ఎలా అనుకున్నాడో నాకు అర్థం కాదు. నేను పుట్టింది ఐరాలలో. విమానం ఎక్కేదాకా ఏ కొండ నెత్తీ చూడలేదు.

అలా ఏరిన నలుగురం మేము. కెప్టెన్‌ది తిరుపతి. వాళ్ల నాయనకు అక్కడ బట్టల అంగడి. విమానం నడిపేది ఆయనే. నావిగేటర్‌ది సత్యవేడు, కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్, మాటలో సగం అరవం. కెప్టెన్ పక్క సీట్లో కూర్చుని దారి చూడడం ఆయన పని. సుబేదార్‌ది నగరి. ఆయన నేల మీదే ఉంటాడు, మ్యాపు బల్ల ఆయనది, దారి గీసేది ఆయన. నేను రేడియో హవల్దార్‌ని. వెనకాల మందుల పెట్టెల మధ్య కూర్చుని టవర్‌తో మాట్లాడతాను. నాకు మ్యాపు చూడడం రాదు. రాదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

విమానం రెండు ఇంజన్లది, రెక్కలు పైన. సీట్లు పీకేసి నేల మీద తాళ్లు బిగించారు. గాలి లోపలికి ఈల వేసుకుంటూ వచ్చేది. స్టేషన్ ఎటు ఉందో ముల్లుతో చూపించే పాత రేడియో పరికరం ఒకటి దానికి ఉండేది. రిపేరుకని విప్పి తీసుకుపోయి, కొత్త పెట్టె వచ్చింది కదా అని తిరిగి బిగించలేదు. బోర్డులో దాని చోట ఒక చదరపు బొక్క మిగిలింది. కెప్టెన్ అందులో వక్కపొడి డబ్బా పెట్టుకునేవాడు.

ఆ కొత్త పెట్టె సంగతి. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఉపగ్రహాల నుంచి సిగ్నల్ పట్టి మనం ఎక్కడున్నామో, ఎటు పోవాలో చూపిస్తుంది. దాని యాంటెన్నాను రబ్బరు గిన్నెతో ముందద్దానికి అతికించారు. వచ్చిన మొదటిరోజే నావిగేటర్ దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. కెప్టెన్ ఒక మల్లెపువ్వు గుచ్చాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ కిటికీలోంచి కిందికి చూడడం మానేశారు. ఏ ఊరి మీద ఉన్నామని నేను అడిగితే పెట్టె చూసి చెప్పేవారు. ఊరు కింద కనిపిస్తున్నా సరే, పెట్టె చూసే చెప్పేవారు.

దారి ఇలా ఉండేది. బెంగళూరు నుంచి తూర్పుగా వచ్చి చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఏటి మీద ఒక మలుపు. ఆ మలుపు అంకెలు పెట్టెలో ఎక్కిస్తే పెట్టె అక్కడికి తీసుకొస్తుంది. అక్కడి నుంచి కొంచెం ఎడమకు తిరిగితే నేరుగా రేణిగుంట రన్‌వే. మలుపు దాటాక ఎడమచేతి పక్క తిరుమల కొండలు. కుడిచేతి పక్క, బాగా దూరంలో, కార్వేటినగరం కొండలు. మధ్యలో ఏరు, పొలాలు, చదును. మబ్బు పట్టి ఉంటే ఆ చదును మీద మబ్బు కిందికి దిగాలి. దిగితే ఏరు కనిపిస్తుంది, ఏటి వెంట పోతే రన్‌వే కనిపిస్తుంది. మబ్బున్న రోజుకు ఇది ఆర్డరు. పిల్లలకు చెప్పినా అర్థమయ్యే ఆర్డరు.

మొదట్లో రోజులు బాగానే గడిచాయి. వాన పడుతున్నా మబ్బు ఎత్తులో ఉండేది, కింద నేల కనిపించేది. పెట్టె మలుపు దగ్గరికి తెచ్చేది, మలుపు నుంచి రన్‌వేకి తెచ్చేది. దిగేవాళ్లం, పెట్టెలు దింపేవాళ్లం, సుబేదార్ ఉప్మా చేసి పెట్టేవాడు. ఆయన ఉప్మా గురించి మాత్రం నేను చెడ్డమాట చెప్పను.

ఆ ఉదయం బెంగళూరులో బయల్దేరేటప్పుడు ఎండ. కోలారు దాటాక కింద తెల్లగా మబ్బు పరుచుకుంది. చూస్తుండగానే అది మా ఎత్తుకు లేచింది. ఆరున్నర వేల అడుగుల ఎత్తులో ఉన్నాం. మబ్బులోకి వెళ్లాం. రెక్క చివర కనిపించలేదు. నేను రేణిగుంట టవర్‌ను పిలిచాను. అక్కడ వాన పడుతోందని, మబ్బు అడుగు రెండువేల అడుగుల దగ్గర ఉందని, ఈశాన్యం నుంచి గాలి ఉందని చెప్పారు. ఆ మాటే కెప్టెన్‌కు చెప్పాను. ఆయన తల ఊపాడు. మలుపు దాటి దిగుదాం అన్నాడు.

మలుపుకు ఇంకా కొంత దూరం ఉండగా పెట్టె తెర మీద ముల్లు ఆగిపోయింది. ఉపగ్రహాలను వెతుకుతున్నట్టు ఒక గుర్తు వెలుగుతూ ఆరుతూ కనిపించింది. అంతే. పెద్ద చప్పుడు లేదు, పొగ లేదు. పోయింది. ఎందుకు పోయిందో నాకు ఈ రోజుకీ తెలీదు. అమెరికావాడు పైన స్విచ్ ఆపేశాడని మా టీ అంగడి మేధావులు తేల్చారు. వాడికి మా మందుల పెట్టెలతో ఏం పనో వాళ్లను అడగాలి.

నావిగేటర్ పెట్టెను కొట్టాడు. యాంటెన్నా రబ్బరు నొక్కాడు. బ్యాటరీలు తీసి తిరగేసి పెట్టాడు. ఒకసారి కళ్లకు అద్దుకున్నాడు కూడా. కెప్టెన్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"సార్, ముల్లు రాలేదు," అన్నాడు నావిగేటర్.

"రాకపోతే ఏమి. గడియారం ఉండాది కదా. టైముకు మలుపుతాం, టైముకు దిగుతాం. కింద ఏరే కదబ్బా."

గడియారం చూసి ఎడమకు తిప్పాడు. ఇంకొంచెం చూసి ఇంజన్ల చప్పుడు తగ్గించి కిందికి దించడం మొదలుపెట్టాడు. తప్పని నేను అనలేదు. నాకు తెలిస్తే కదా. వాళ్లిద్దరి భుజాల్లో బెదురు లేదు. బెదురు ఎందుకు లేదో తర్వాత తెలిసింది. మేము కొండలకు దూరంగా, కావలసినదానికంటే ఎక్కువ దూరంగా ఉన్నామన్న రహస్యం తనకు ఒక్కడికే తెలుసని ఎవరికి వారు అనుకుంటున్నారు.

నాలుగువేలు. మూడువేలు. అద్దం మీద వాన అడ్డంగా పాకుతోంది. చదును మీద మబ్బులో ఎగుడుదిగుడు ఉండదు. మాకు కింది నుంచి ఎవరో గుద్దుతున్నట్టు కుదుపులు. మందుల పెట్టెలు తాళ్లను లాగుతున్నాయి. టవర్‌వాడు రన్‌వే కనిపిస్తోందా అని అడిగాడు. ఇంకా లేదన్నాను. రెండువేల ఐదువందలు. నావిగేటర్ ముందుకు వంగాడు.

"ఏరు కనపడాల సార్ ఈపాటికి."

"కనపడతాది. ఉండు."

మబ్బు ఒక్కచోట చిరిగింది. నేను కుడిపక్క కిటికీ దగ్గర ఉన్నాను. అరిచాను.

"కొండ సార్. కుడిచేతి పక్క కొండ."

కెప్టెన్ ఎందుకని అడగలేదు. ఆ ఒక్క పనికి ఆయనకు నా దణ్ణం. రెండు ఇంజన్లూ చివరిదాకా తోసి, ఎడమకు వంచి, ముక్కు పైకి లాగాడు. విమానం పడిపోతానని హెచ్చరించే హారన్ మోగింది, ఆగకుండా మోగింది. వెనకాల తాడు ఒకటి తెగి సెలైన్ సీసాల పెట్టె నా మోకాళ్ల మీద పడింది. కిటికీలో రాయి, చెట్లు, గడ్డి, అన్నీ పక్కకు వాలి వెళ్లిపోయాయి. ఎడమపక్క కూడా ఒక కొండ ఉందని నావిగేటర్ తర్వాత చెప్పాడు. అంటే రెండు కొండల మధ్య సందులో ఉన్నాం. మళ్లీ మబ్బు మూసుకుంది. పైకి, పైకి. ఐదువేలు దాటేదాకా కెప్టెన్ ఇంజన్లు తగ్గించలేదు. నాకు భయం వేసింది. అలాంటి భయం మళ్లీ ఎన్నడూ పడలేదు. దాన్ని దాచుకోవలసిన పని కూడా నాకు లేదు.

ఆ తర్వాత కెప్టెన్ చెయ్యవలసిన పని చేశాడు. దిక్సూచి చూసి తూర్పుకు, సముద్రం వైపు, చాలాసేపు పోయాడు. మబ్బు పలచబడ్డాక కింద నీళ్లు నిండిన పొలాలు, తెగిన చెరువు, ఒక ఊరు కనిపించాయి. నావిగేటర్ ఆ టూరులో మొదటిసారి కిటికీలోంచి కిందికి చూశాడు. అది సత్యవేడు, ఆయన సొంతూరు. చేత్తో చూపించి ఏడ్చాడు. అక్కడి నుంచి నేల చూసుకుంటూ శ్రీకాళహస్తి, శ్రీకాళహస్తి నుంచి రైలుపట్టాల వెంట రేణిగుంట. దిగాం. సెలైన్ సీసాలు నాలుగు పగిలాయి. నా మోకాలు వాచింది. నష్టం ఇంతే.

మధ్యాహ్నం మ్యాపు డేరాలో నలుగురం కూర్చున్నాం. సుబేదార్ ఉప్మా పెట్టాడు, ఎవరం ముట్టలేదు. రిపోర్టులో ఏం రాయాలో కెప్టెన్ అప్పటికే తేల్చుకున్నాడు. కొండల దగ్గర సిగ్నల్ పోయింది, సురక్షితంగా తిరిగి వచ్చాం. రేపు రెండో పెట్టె పెట్టుకుని ఇదే దారిలో మళ్లీ పోతాం. తప్పంతా పెట్టె మీద వేసి చేతులు దులుపుకున్నాడు. పొద్దున బొట్టుతో ఉన్న పెట్టె మధ్యాహ్నానికి ముద్దాయి అయింది.

నేను ఒప్పుకోలేదు. మ్యాపు రాకపోయినా నాకు గడియారం చూడడం వచ్చు. పెట్టె ఆగింది మలుపుకు కొంచెం ముందు. ఆ కాసేపట్లో ఏటి మీద ఉండవలసినవాళ్లం కార్వేటినగరం కొండల్లోకి ఎలా వెళ్లాం? గాలి తోసి ఉంటుందన్నాడు సుబేదార్. ఈశాన్యం గాలి కదా, దక్షిణానికే తోస్తుందన్నాడు. నావిగేటర్ వెంటనే అవునన్నాడు. కెప్టెన్ కూడా అవునన్నాడు. గాలి మీద నేరం మోపడం సులువు, అది ఎదురు చెప్పదు. ముగ్గురూ అంత త్వరగా ఒక్క మాట మీదకు రావడం నేను అంతకుముందు చూడలేదు. ముగ్గురూ మ్యాపు వైపు చూడడం లేదు. అప్పుడు నాకు అనుమానం కలిగింది.

"హవల్దార్, నీ పని రేడియో," అన్నాడు కెప్టెన్. "అది సూసుకో."

"సూసుకుంటాను సార్. కానీ రేపు అదే గీత మీద నేనూ కూచోవాల. నా ప్రాణం కూడా దాంట్లోనే ఉండాది. యాడ తప్పు జరిగిందో తెలియకుండా నేను యెక్కను."

ఎక్కకపోతే కోర్టుమార్షల్ అన్నాడు. అది నిజమే. అప్పుడు నేను మా ఊరివాడు ఎవడైనా అనే మాట అన్నాను.

"సరే సార్, యెక్కుతాను. ముందు జీపులో కాణిపాకం పోదాం. నలుగురం బాయి నీళ్లు పోసుకోని, తడిబట్టల్తో స్వామి ముందర నిలబడి, పెట్టె తప్ప ఇంకో తప్పు జరగలేదని ప్రమాణం చేద్దాం. మీరు చేస్తే మళ్లా నోరు తెరవను."

బయటి ఊళ్లవాళ్ల కోసం ఇది చెప్పాలి. మా ఊరికి పక్కనే కాణిపాకం. అక్కడ వినాయకుడు బావిలో ఉంటాడు. మా పక్క దొంగతనమైనా, పొలం గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్లాల అనుమానమైనా చివరికి కాణిపాకం చేరుతుంది. అక్కడ అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని నమ్మకం. కోర్టులో భగవద్గీత మీద చెయ్యి పెట్టి హాయిగా అబద్ధం చెప్పే మనిషి కాణిపాకం అనగానే నీళ్లు నములుతాడు. చాలామంది గుడిదాకా కూడా పోరు, బస్టాండులోనే నిజం చెప్పేస్తారు. నాకు ఆ దేవుడి మీద ఉన్న నమ్మకం ఎంతో అది నా సంగతి. ఆ ముగ్గురికీ ఎంత ఉందో నాకు తెలుసు. ఒక కల్నల్ చదవబోయే కాగితం మీద సంతకం పెట్టడానికి వాళ్ల చేతులు వణకవు. బావి దగ్గర వణుకుతాయి.

డేరా మీద వాన చప్పుడు. కిరసనాయిలు పొయ్యి మీద టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఎవరం లేవలేదు.

ముందు సుబేదార్ నోరు విప్పాడు. ఆయనది నగరి కదా, కాణిపాకానికి ఎన్నిసార్లు వచ్చి ఉంటాడో.

"మలుపు నేను జరిపినాను సార్. నాలుగు కిలోమీటర్లు, దక్షిణానికి. తిరుమల స్వామి కొండ మీదుగా యేదీ ఎగరగూడదు కదా. ఎందుకైనా మంచిదని జరిపి గీసినాను."

నావిగేటర్ ఆయన వైపు తిరిగాడు. 

"నువ్వు జరిపినావా? నాకెందుకు సెప్పలేదు? నేను అంకెలు యెక్కించేటప్పుడు నేనూ జరిపినాను. సుమ్మా, ఒక మూడు కిలోమీటర్లు."

ఇద్దరూ కెప్టెన్ వైపు చూశారు. ఆయన మ్యాపును తనవైపు తిప్పుకున్నాడు. తిరుపతిలో పుట్టినవాడు. ఇంటి మేడ మీదికి ఎక్కితే కొండ కనిపించే మనిషి.

"నేను ముల్లుకు యెప్పుడూ కుడిపక్కనే నడుపుతాను," అన్నాడు. "మూడో, నాలుగో. మా అమ్మకు మాటిచ్చినాను, కొండకు దగ్గరగా పోనని."

లెక్క కలిపితే పది, పదకొండు కిలోమీటర్లు. పెట్టె పనిచేసిన రోజుల్లో ఈ జరుపుడు బయటపడలేదు. మలుపు ఎంత తప్పినా, ఆ తర్వాత పెట్టె రన్‌వేకి దారి చూపించేది. రన్‌వే అంకెలను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి సరిగ్గా దిగేవాళ్లం. పెట్టె ఆగిన రోజు ముగ్గురి భక్తీ కలిసి మమ్మల్ని కార్వేటినగరం కొండల సందులోకి దించింది. గాలికి ఇందులో వాటా లేదని నేను అనను. కానీ దానికి మిగిలింది తక్కువ.

అక్కడితో నేను ఊరుకోలేదు. అసలు గీత, ఎవరూ జరపని గీత, తిరుమల గుడికి ఎంత దూరమో కొలవమన్నాను. సుబేదార్ స్కేలు పెట్టాడు. మళ్లీ పెట్టాడు. పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. గుడి మీదుగా ఎగిరే దారి అసలు లేనే లేదు. మొదటిరోజు స్కేలు పెట్టి చూస్తే తెలిసేది. ముగ్గురిలో ఒక్కడూ పెట్టలేదు. కొండ అనగానే స్కేలు కింద పెట్టేసి చేతులు జోడించారు. దూరం నుంచి ఒక దణ్ణం పెట్టుకుంటే సరిపోయే భక్తికి మ్యాపునే జరిపారు. అది కూడా పక్కవాడికి చెప్పకుండా, దొంగల్లా. ఎవడి పుణ్యం వాడికే రావాలని.

ఈ మాట వాళ్ల మొహం మీదే అన్నాను. అప్పుడు ముగ్గురూ ఒక్కటయ్యారు. నాకు భక్తి లేదన్నారు. అలాంటివాడు విమానంలో ఉండబట్టే సిగ్నల్ పోయిందేమో అన్నాడు నావిగేటర్. సుబేదార్ అవునని తల ఊపి, మరీ కఠినంగా ఉందనిపించిందేమో, నాకు వేడి ఉప్మా పెట్టాడు. నేను తిన్నాను. ఆకలి వేసింది.

కెప్టెన్ పాత గీత రబ్బరుతో చెరిపించి కొత్తది గీయించాడు. నేను పక్కన నిలబడి చూశాను. అంకెలు ఎక్కించేటప్పుడు నావిగేటర్ చేత పైకి చదివించాను. మర్నాడు ఎక్కాను. రెండో పెట్టె పనిచేసింది. దానికి ఎవరూ బొట్టు పెట్టలేదు. దారి పొడుగునా నేను కెప్టెన్ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. చంద్రగిరి దగ్గర ఆయన కుడిచెయ్యి కొంచెం బిగిసింది. నేను దగ్గాను. చెయ్యి వదులైంది. స్వర్ణముఖి మా కిందే ఉంది. ఎండకు మెరుస్తోంది. అదే మొదటిసారి మేము ఆ ఏటి మీద నిజంగా ఎగిరింది. ఆ రోజు నుంచి టూరు అయ్యేదాకా చంద్రగిరి రాగానే నేను దగ్గేవాణ్ణి. చలి చేసిందా అని కెప్టెన్ ఒక్కసారి కూడా అడగలేదు.

రోడ్లు బాగయ్యాక మమ్మల్ని వెనక్కి పిలిచారు. వెళ్లే ముందు ముగ్గురూ కొండెక్కి గుండు చేయించుకున్నారు. స్వామి తమను కాపాడాడట. నేను అలిపిరి దగ్గర జీపులో కూర్చుని వేరుశనక్కాయలు తింటూ వాళ్ల కోసం కాచుకున్నాను. దిగి వచ్చి నా చేతిలో లడ్డు పెట్టారు. మూడు గుండ్లకు గంధం. ముగ్గురి ముఖాల్లోనూ పెద్ద బరువు దింపుకున్న శాంతం. ఎవరి తప్పు నుంచి స్వామి ఎవరిని కాపాడాడో అడుగుదామనుకున్నాను. లడ్డు నోట్లో ఉంది, ఊరుకున్నాను.

బెంగళూరులో మమ్మల్ని వరసలో నిలబెట్టి హెడ్‌క్వార్టర్స్ ఉత్తరం చదివారు. సిగ్నల్ పోయినా కెప్టెన్ స్థానిక భూమి మీద ఉన్న అవగాహనతో విమానాన్ని, మందుల్ని కాపాడాడట. ఆ జిల్లావాళ్లను ఏరి పంపడం ఎంత మంచి ఆలోచనో దీంతో రుజువైందట. ఇకముందు కూడా ఇదే పద్ధతి పాటిస్తారట. ఆలోచన చేసిన పెద్దాయన ముందువరసలో కుర్చీలో కూర్చుని వింటున్నాడు. చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాను. పాడైన పెట్టెను మాత్రం కంపెనీకి వాపసు పంపేశారు, కుంకుమ తుడిచి. పాత రేడియో పరికరాన్ని మళ్లీ బిగించారా అని తర్వాత ఒకసారి విచారించాను. లేదు. ఆ బొక్కకు ఒక రేకుముక్క కొట్టారు.

నేను రిటైరై ఐరాల వచ్చి చాలా కాలమైంది. చెరుకు వేస్తాను, బెల్లం వండిస్తాను. కెప్టెన్ పెద్ద హోదాలో రిటైరయ్యాడని విన్నాను. వాళ్ల మీద కోపం చాలావరకు చల్లారింది, చులకన మాత్రం అలాగే ఉంది. అది నన్ను వదలదు, నేనూ దాన్ని వదలను. ఎవరైనా విమానంలో పోతూ ఏ టెక్నాలజీ మీదో, ఏ దేవుడి మీదో భారం వేశామని చెబితే, దారి గీసినవాడెవడో అడిగారా అంటాను. ముసలాడికి తిక్క అనుకుంటారు.

ఒక్క సంగతి రిపోర్టులో లేదు. ఆ ముగ్గురికీ చెప్పలేదు. ఆ రోజు మబ్బు చిరిగినప్పుడు కొండ అని అరిచాను కదా. నేను ముందు చూసింది కొండను కాదు. మనిషిని. మా రెక్కకంటే ఎత్తులో, ఒక రాతి గుండు మీద, ఒకామె నిలబడి ఉంది. గోనెసంచిని తల మీదికి మడిచి వేసుకుంది. చుట్టూ మేకలు. మేము ఆకాశంలో ఉన్నాం, ఆమె మమ్మల్ని వంగి కిందికి చూస్తోంది. అంత దగ్గర. ఆమె పరిగెత్తలేదు, అరవలేదు, చెయ్యి ఊపలేదు. మేము బతుకుతామా చస్తామా అన్నది ఆమె ముఖంలో ఎక్కడా లేదు. చంకలో ఒక మేకపిల్ల ఉంది. మా ఇంజన్ల చప్పుడుకు అది బెదరకుండా, అరచేత్తో దాని చెవి మూసి, తల తన కడుపుకు అదుముకుంది.